రంధ్రమా, గుల్లా? ‘లోపలి ఉపరితలం’ అనవచ్చా?

సందేహం: జాన్ మ్యూరిగ్ థామస్ అనే వేల్స్ రసాయన శాస్త్రవేత్త పరిశోధన గురించి విద్యార్థులకు వ్యాసం రాస్తున్నాను. జియోలైట్ల వంటి పోరస్ ఉత్ప్రేరకాల (రసాయన చర్యల వేగాన్ని పెంచే పదార్థాల) నిర్మాణాన్ని ఆయన పరిశీలించారు. ‘పోరస్’కు చిల్లుల, గుల్ల, రంధ్రయుత అనే మాటల్లో ఏది తగినది? ‘లోపలి ఉపరితలం’ అని రాయడం తప్పా?
– ఒక అధ్యాపకురాలు

సమాధానం: ‘చిల్లు’ వద్దండి. కుండకు చిల్లు పడిందంటే ఇక అది నీళ్లకు పనికిరాదు. ఆ మాటలోనే నష్టం ఉంది. ‘గుల్ల’ అర్థానికి మరికాస్త దగ్గరగా వస్తుంది. ఎముకలు గుల్లబారాయి అంటున్నాం కదా! అయితే గుల్లబారడమంటే బలం పోవడం, ఎక్కడ పడితే అక్కడ ఖాళీలు ఏర్పడడం. జియోలైట్ అలాంటిది కాదు, అది స్ఫటికం. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు ఒక క్రమంలో అమరడం వల్లనే అందులో కచ్చితమైన కొలతలతో సన్నని దారులు ఏర్పడతాయి.

కాబట్టి ‘రంధ్రం’ వాడండి. ‘రంధ్రాన్వేషణ’లో దోషమనే అర్థం ఉందని వెనకాడనక్కర్లేదు. పత్రరంధ్రం, స్వేదరంధ్రం అన్నప్పుడు లోపం స్ఫురించదు, రాకపోకల దారి స్ఫురిస్తుంది. జియోలైట్‌లో జరిగేదీ రాకపోకలే. జడ్‌ఎస్‌ఎం-5 అనే రకంలో రంధ్రం వెడల్పు సుమారు అర నానోమీటరు. జైలీన్ అనే రసాయనానికి పారా, ఆర్థో, మెటా అని మూడు రూపాలున్నాయి. వాటిలో సన్నటిదైన పారాజైలీన్ అణువు అందులో సులువుగా సాగిపోతుంది. కాస్త వెడల్పాటి ఆర్థో, మెటా రూపాలు వెనకబడతాయి. ‘రంధ్రయుత’ తప్పు కాదు గానీ, ‘సూక్ష్మరంధ్రాలున్న ఉత్ప్రేరకం’ అంటే చదవడానికి హాయిగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: రసాయన శాస్త్రంలో 2 నానోమీటర్ల లోపు వాటినే సూక్ష్మరంధ్రాలుగా లెక్కిస్తారు. 2 నుంచి 50 వరకు ఉన్నవి వేరే తరగతి, వాటిని ‘మధ్యరంధ్రాలు’ అనవచ్చు.

మీ రెండో ప్రశ్న మరింత ముఖ్యమైనది. ‘ఉపరి’ అంటే పైన. ‘లోపలి ఉపరితలం’ అంటే లోపల ఉన్న పైభాగం అన్నమాట! వ్యాకరణం అడ్డు చెప్పకపోయినా చదివే పిల్లల ఊహ అక్కడ తడబడుతుంది. పైగా థామస్ పరిశోధనలోని కీలకం అందులో మరుగున పడుతుంది. మామూలు ఘన ఉత్ప్రేరకంలో చర్య బయటి ముఖం మీదే జరుగుతుంది. జియోలైట్‌లో అణువులు లోపలికి వెళ్లగలవు కనుక, చర్య జరిగే చోట్లు ఆ ఘనపదార్థమంతటా సమంగా పరుచుకొని ఉండేలా చేయవచ్చని ఆయన నొక్కి చెప్పారు. అందుకే ఆ నిర్మాణాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో అంత శ్రద్ధగా పరిశీలించారు. పై అన్న మాటతో లోపలి సంగతి చెప్పబోతే ఈ భేదం ఎలా తెలుస్తుంది?

‘ఉపరితలం’ బయటి ముఖానికే ఉంచి, లోపలి దానికి ‘గోడలు’ అనండి. ‘ఒక గ్రాము జియోలైట్‌లోని రంధ్రాల లోపలి గోడలన్నీ పరిస్తే కొన్ని వందల చదరపు మీటర్లవుతాయి’ అని రాస్తే ఏడో తరగతి పిల్లలకూ బోధపడుతుంది.

మరో మాట. ఉత్ప్రేరకం ‘చర్యలో పాల్గొనదు’ అని చాలామంది రాస్తుంటారు. మీరు అలా రాయకండి. అది చర్యలో పాల్గొంటుంది, చర్య ముగిశాక తిరిగి తన రూపానికి వస్తుంది.