డైవ్ బాంబర్ చరిత్ర రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రాతప్రతి మొదటి నుంచి చివరిదాకా పెన్సిల్ పట్టుకుని చదివాను. తెలుగులో రెండో ప్రపంచ యుద్ధం అంటే హిట్లరు, నేతాజీ, హిరోషిమా. పసిఫిక్‌లో జరిగిన పోరు మీద, అందులోనూ జపాన్ నౌకాదళం వాడిన ఒక్క విమానం మీద పుస్తకం రాయాలన్న నీ పట్టుదల నాకు చాలా నచ్చింది. అందుకే ఈ ఉత్తరం పొడుగ్గా రాస్తున్నాను.

ఐచీ కంపెనీ తయారుచేసిన డి3ఎ డైవ్ బాంబర్, అంటే ఓడ మీదికి ఏటవాలుగా దూకి బాంబు వేసే విమానం, దాని చరిత్రను నువ్వు ఇంజన్ చరిత్రగా రాశావమ్మా. మొదటి రకానికి వెయ్యి చిల్లర హార్స్‌పవర్, రెండో రకానికి 1,300. వేగం గంటకు 385 కిలోమీటర్ల నుంచి 430 దాకా పెరిగింది. మొత్తం 1,500కు అటూ ఇటూగా తయారయ్యాయి. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఈ అంకెల్ని నమ్మితే ఆ విమానం 1941లో కంటే 1943లో బాగా పనిచేసి ఉండాలి. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. యంత్రం మెరుగుపడుతుంటే గురి ఎందుకు తప్పుతూ వచ్చింది? నీ పుస్తకం జవాబు చెప్పాల్సింది ఈ ప్రశ్నకే. దీన్ని పట్టుకో, ఏ అధ్యాయం ఉండాలో ఏది పోవాలో నీకే తెలిసిపోతుంది.

పుట్టుక అధ్యాయంలో "జర్మన్ స్టూకాకు నకలు" అన్న వాక్యం కొట్టెయ్యి. స్టూకా జర్మనీవాళ్ళ డైవ్ బాంబర్. మన విమానానికీ చక్రాలు లోపలికి ముడుచుకోవు, రెక్కల కింద డైవ్ బ్రేకులున్నాయి కాబట్టి చూపులకు అలా ఉంటుంది. కానీ 1936లో నౌకాదళం కొత్త డైవ్ బాంబర్ కావాలన్నప్పుడు ఐచీ ఇంజనీర్లు చూసింది మరో జర్మన్ కంపెనీ హైన్‌కెల్ విమానాల వైపు. ఆ కోలగా ఉండే రెక్కల తీరు అక్కడిదే. 1938 జనవరిలో ఎగిరిన మొదటి నమూనాకు బలం చాలలేదు, గట్టిగా మలుపు తిప్పితే పల్టీ కొట్టేది. ఇంజన్ మార్చి, రెక్కలు సవరించి, వీపు మీద పొడవాటి ఫిన్ అతికిస్తే గానీ దారికి రాలేదు. 1939 డిసెంబరులో దళంలోకి తీసుకున్నారు. జపాన్ రాజవంశపు లెక్కలో అది 2599, అందుకే దాని పేరు 99 రకం. "వాల్" అన్నది మిత్రదేశాలు ఆ తర్వాత పెట్టిన సంకేతనామం. పెర్ల్ హార్బర్ మీదికి వెళ్తున్న పైలట్ నోట నువ్వు ఆ మాట పలికించావు, అది పోవాలి.

ముడుచుకోని చక్రాలను వెనకబాటుతనంగా రాశావు. వాటివల్ల యంత్రాంగం తగ్గింది, మరమ్మతు తగ్గింది, అది కూడా చెప్పు. చెప్పి, అదే పేజీలో ఇంకో రెండు సంగతులు రాయి: ఈ విమానంలో మనుషులను కాపాడే ఇనుప కవచం లేదు, తూటా తగిలితే చిల్లును తనంతట తానే పూడ్చుకునే పెట్రోలు ట్యాంకు లేదు. అక్కడ వ్యాఖ్యానం అక్కర్లేదు. వంద పేజీల తర్వాత పాఠకుడికే గుర్తొస్తుంది.

డైవ్‌ను నువ్వు "గద్దలా దూకింది" అని ఒక్క మాటలో తేల్చేశావు. ఇక్కడ మాత్రం నాకు నిజంగా బాధ కలిగింది. పుస్తకం కొనేవాళ్ళు చదవాలనుకునేది ఆ అర నిమిషమే కదా! అందులో ఎంత పని ఉందో చూడు. సుమారు 60 డిగ్రీల వాలులో కిందికి దిగాలి. డైవ్ బ్రేకులు వేగాన్ని ఆపుతుంటాయి. ముందు సీట్లో పైలట్ కన్ను గురి మీదే ఉంటుంది, ఎత్తు చూసుకునే తీరిక ఉండదు. అందుకే వెనక సీట్లోవాడు ఎత్తును బిగ్గరగా చదువుతూ ఉంటాడు. పొట్ట కింద 250 కిలోల బాంబు. దాన్ని ఉన్నపళంగా వదిలితే ముందు తిరుగుతున్న ప్రొపెల్లర్‌కే తగులుతుంది, అందుకని ఒక ఇనుప చట్రం దాన్ని కిందికి ఊపి వదులుతుంది. ఓడ పక్కకు తిరుగుతుంటుంది, గాలి తోస్తుంటుంది, కింది నుంచి ఫిరంగులు పేలుతుంటాయి. ఇదంతా ఇద్దరు మనుషులు కలిసి ఏళ్ళ తరబడి సాధన చేసి నేర్చుకున్న పని. ఇది వివరంగా రాస్తేనే ఆ ఇద్దరూ పోతే ఏం పోయిందో తర్వాత అర్థమవుతుంది.

"అక్షరాజ్యాల విమానాల్లో అత్యధిక యుద్ధనౌకలను ముంచింది ఇదే" అన్న వాక్యంతో మొదలుపెట్టావు. ఆ మాట ఒకరిని చూసి ఒకరు రాస్తూ వస్తున్నారు. నువ్వు లెక్క కట్టలేదు కాబట్టి వదిలెయ్యి. దాని బదులు 1942 ఏప్రిల్ 5తో మొదలుపెట్టు. ఆ మధ్యాహ్నం సిలోన్‌కు నైరుతిలో జపాన్ దళనాయకుడు తకషిగే ఎగుసా వెంట 53 డైవ్ బాంబర్లు వచ్చి డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు బ్రిటిష్ క్రూయిజర్ల మీద పడ్డాయి. అంతకుముందు ఏడాది జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ను చివరి టార్పెడోలతో కొట్టిన ఓడే ఈ డార్సెట్‌షైర్. ఇరవై నిమిషాల్లో రెండూ మునిగిపోయాయి. వేసిన బాంబుల్లో అయిదింట నాలుగుకు పైగా తగిలాయని జపాన్‌వాళ్ళు లెక్క వేసుకున్నారు. ఈ విమానం పనితనం పతాకస్థాయికి చేరింది అక్కడే, పెర్ల్ హార్బర్‌లో కాదు. పెర్ల్ హార్బర్‌లో ఓడలు చాలావరకు కట్టేసి ఉన్నాయి, ఇక్కడ రెండూ పరుగెత్తుతున్నాయి.

కానీ నీ రాతప్రతిలో బాంబు తగలగానే కథ ఆగిపోతుంది. నీటిలో ఏం జరిగింది? 424 మంది చనిపోయారు. 1,122 మంది తెప్పల మీద, చెక్కల మీద, నూనె తెట్టు కట్టిన నీళ్ళలో మర్నాటి సాయంత్రం దాకా ఉన్నారు. అప్పుడు గానీ వాళ్ళ ఓడలు వచ్చి ఎక్కించుకోలేదు. ఏప్రిల్ 9న బట్టికలోవా దగ్గర మునిగిన విమానవాహక నౌక హెర్మిస్‌కు కూడా ఇదే న్యాయం చెయ్యి. ఆ రోజు దాని మీద ఒక్క విమానం కూడా లేదు. 307 మంది పోయారు. పైలట్ నైపుణ్యాన్ని వర్ణించే ప్రతి పేజీకీ, ఆ నైపుణ్యం ఎవరి మీద పడిందో చెప్పే పేజీ ఒకటి ఉండాలి. ఇందులో నేను రాజీ పడను.

ఇక విశాఖపట్నం. ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. అది మన ఊరి కథ కాబట్టి ఎక్కడో ఒకచోట చేర్చాలనిపించడం సహజమే. నువ్వు మాత్రం ఆ బాంబులు వేసింది ఈ డైవ్ బాంబర్లే అని రాశావు. అవి కావమ్మా. బంగాళాఖాతంలో తిరిగింది జపాన్ అడ్మిరల్ ఒజావా దళం. దాని వెంట ఉన్న చిన్న విమానవాహక నౌక ర్యూజో. దాని మీద నుంచి వచ్చినవి నకజిమా బి5ఎన్‌లు, మిత్రదేశాలు "కేట్" అన్న రకం. ముగ్గురు కూర్చునే ఆ విమానం టార్పెడో మోస్తుంది, లేకపోతే సమంగా ఎగురుతూ బాంబులు వేస్తుంది. డైవ్ చెయ్యదు. మన డైవ్ బాంబర్లున్న మరో అడ్మిరల్ నగుమో దళం అప్పుడు సిలోన్ వైపు ఉంది.

అలాగని అధ్యాయం తీసెయ్యకు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇంకా బలంగా ఉంటుంది. క్రూయిజర్ల నావికులు నీళ్ళలో ఎదురుచూస్తున్న రోజే విశాఖ రేవు మీద బాంబులు పడ్డాయి. జనం మూటలు కట్టుకుని పల్లెలకు వెళ్ళిపోయారు. అంతకుముందు ఏడాదే బాబూ రాజేంద్రప్రసాద్ ఆ ఊళ్ళో సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. ఒకే దాడి రెండు చేతులుగా వచ్చిందని చూపించు, ఏ చెయ్యి ఎక్కడ పడిందో కలగాపులగం చెయ్యకు. మన ఊరి మీద ప్రేమతో వాస్తవాన్ని ఒక్క మైలు జరిపినా, తెలిసినవాడు మిగతా పుస్తకాన్ని కూడా నమ్మడు.

అసలు విషయానికి వస్తాను. "మిడ్వేలో జపాన్ పైలట్లంతా పోయారు" అని రాశావు. చాలామంది రాస్తారు. 1942 జూన్‌లో పసిఫిక్‌లోని మిడ్వే దీవి దగ్గర జపాన్ ఓడిపోయిన ఆ పోరులో పోయిన జపాన్ విమాన సిబ్బంది 110 మంది. నాలుగు విమానవాహక నౌకలు మునిగినా ఎక్కువమంది బతికారు. 1942 అక్టోబరు 26న పసిఫిక్‌లోని శాంటాక్రూజ్ దీవుల దగ్గర జరిగిన పోరులో తగిలిన దెబ్బలకు అమెరికా విమానవాహక నౌక హార్నెట్ మునిగింది, జపాన్ నౌక ఒక్కటీ మునగలేదు. కాగితం మీద గెలుపు జపాన్‌దే. కానీ ఆ ఒక్క రోజులో పోయిన జపాన్ విమాన సిబ్బంది 148 మంది. ఓడిన చోట కంటే గెలిచిన చోట ఎక్కువమందిని పోగొట్టుకున్నారు! నీ పుస్తకానికి ఇదే గుండెకాయ. నువ్వేమో శాంటాక్రూజ్‌ను ఒక్క పేరాలో దాటేశావు.

దాన్ని నలుగురు నాయకుల ద్వారా చెప్పు. పెర్ల్ హార్బర్ మొదటి దాడిలో డైవ్ బాంబర్లను నడిపించిన కకుయిచి తకహషి 1942 మేలో పగడాల సముద్రం (కోరల్ సీ) పోరులో పోయాడు. మిడ్వే రోజున జపాన్ విమానవాహక నౌక హిర్యూ నుంచి 18 విమానాలతో బయల్దేరిన మిచియో కొబయషి అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్‌కు మూడు బాంబులు తగిలేలా చేశాడు, 13 విమానాలు తిరిగి రాలేదు, అందులో అతనిదీ ఒకటి. ఆగస్టులో మరో అమెరికా నౌక ఎంటర్‌ప్రైజ్‌ను కొట్టించిన మమొరు సెకి శాంటాక్రూజ్‌లో పోయాడు. ఎగుసా మిడ్వేలో కాలిన గాయాలతో బయటపడి, 1944 జూన్‌లో సైపాన్ దగ్గర వేరే రకం విమానంలో చనిపోయాడు. అమెరికా అనుభవజ్ఞులను వెనక్కి పిలిచి కొత్తవాళ్ళకు నేర్పించింది. జపాన్ తనవాళ్ళను చచ్చేదాకా ముందు వరసలోనే ఉంచింది. ఆ తర్వాత నేర్పడానికి మనుషులు లేరు, ఎగరడానికి చాలినంత పెట్రోలు లేదు. సుయిసెయ్ అనే ఎంతో వేగమైన కొత్త డైవ్ బాంబర్ వచ్చినా దాన్ని నడపాల్సింది ఆ కుర్రాళ్ళే. కవచం, ట్యాంకు గురించి ముందు చెప్పిన మాటలు పాఠకుడికి గుర్తుకు రావాల్సింది ఇక్కడే.

చివరి అధ్యాయంలో ఆత్మాహుతి దాడుల దగ్గర నీ భాష ఉద్రేకంలో పడింది. "వీరమరణం" వద్దు, "మూర్ఖత్వం" కూడా వద్దు. శిక్షణకు వాడుతున్న పాత విమానాలకు బాంబులు కట్టి పంపారు, అంతే రాయి. 1945 జూన్ 10న ఒకినావా దగ్గర అలాంటి ఒక వాల్, విలియం డి. పోర్టర్ అనే డిస్ట్రాయర్ పక్కన నీళ్ళలో పడి, ఓడ అడుగున పేలింది. ఓడ మునిగింది, సిబ్బంది అందరూ బతికారు. ఈ సంఘటన నీ దగ్గర లేదు, చేర్చు.

ఇంకొక్క మాట. కాక్‌పిట్‌లో పైలట్లు మాట్లాడుకున్నట్టు నువ్వు కల్పించిన సంభాషణలన్నీ తీసెయ్యి. చరిత్ర అని చెప్పి అమ్మే పుస్తకంలో, చనిపోయినవాళ్ళ నోట మన మాటలు పెట్టే హక్కు మనకు లేదు.

ముందు శాంటాక్రూజ్ అధ్యాయం కొత్తగా రాసి పంపు. అది కుదిరాకే విశాఖ అధ్యాయం ముట్టుకో. పబ్లిషర్ గడువు గురించి టెన్షన్ పడకు, నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు