చీలమండ బెణికాక మళ్లీ స్కీయింగ్: బూటు ధైర్యంతో వెళ్లకండి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇది. ఆరు వారాల క్రితం మెట్లు దిగుతుంటే కుడి పాదం లోపలికి మడతపడి చీలమండ బెణికింది. వాపు చాలావరకు దిగింది, మామూలుగా నడుస్తున్నారు. ఇంకో మూడు వారాల్లో స్కీయింగ్ ట్రిప్ ఉంది. స్కీ బూటు ఎలాగూ చీలమండని కదలనివ్వదు కదా, వెళ్లిపోవచ్చా అని అడుగుతున్నారు.

సరిగ్గా ఈ లెక్కే వేసుకుని నేనూ వెళ్లాను. నా చీలమండకి ఏమీ కాలేదు. మోకాలు పోయింది.

మూడు సీజన్ల కిందటి మాట. గులకరాళ్ల దారిలో పరుగెత్తుతుంటే నా కుడి పాదం లోపలికి తిరిగింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది, రెండో గ్రేడ్ బెణుకు అన్నారు. అంటే లిగమెంట్, ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, పూర్తిగా తెగలేదు, కొంత చిరిగింది. నాలుగో వారానికి కుంటడం ఆగిపోయింది. ఐదో వారంలో స్కీ బూట్లు తొడుక్కుని బకిల్స్ బిగించాను. ఆశ్చర్యం, నొప్పే లేదు. మామూలు చెప్పులతో కన్నా ఆ బూట్లలోనే కాలు ఇంకా హాయిగా అనిపించింది. మొదటి రోజంతా స్కీయింగ్ చేశాను. రెండో రోజు మధ్యాహ్నానికి మంచు కరిగి బరువుగా మారింది. ఎడమవైపు తిరుగుతుంటే కుడి స్కీ అంచు మంచుని పట్టలేదు. స్కీ బయటికి జారిపోయింది, నా బరువు వెనక్కి పడింది, మోకాలు లోపలికి వంగింది. మోకాలి లోపలివైపు లిగమెంట్ సాగిపోయి రెండు నెలలు కూర్చోబెట్టింది.

అది దురదృష్టం అనుకున్నాను చాలా రోజులు. తర్వాత ఫిజియో నా రెండు కాళ్లనీ పక్కపక్కన పెట్టి చూపించాక కారణం అర్థమైంది.

పాదం లోపలికి మడతపడినప్పుడు బయటివైపు లిగమెంట్ దెబ్బతింటుంది, అది మనందరికీ తెలిసిందే. దాంతోపాటు పాదాన్ని బయటివైపు లాగే కండరాలు, అంటే కాలి బయటి అంచున కిందికి దిగి చీలమండ గుబ్బ వెనకనుంచి పాదంలోకి వెళ్లే పెరోనియల్ కండరాలు కూడా మందగిస్తాయి. స్కీయింగ్‌లో వాటి పని ఏమిటో చూడండి. ఎడమకి తిరిగేటప్పుడు బయటి స్కీ కుడిది. బరువంతా దాని లోపలి అంచు మీద, బొటనవేలి వైపు ఆనాలి. పాదాన్ని ఆ వైపు నొక్కి పట్టి ఉంచేది ఆ కండరాలే. అవి నిద్రపోతే బూటు ఎంత గట్టిదైనా లోపల పాదం చిటికెన వేలి వైపు ఒరిగిపోతుంది, అంచు పట్టు వదిలేస్తుంది. నా కుడి కాలు బెణికింది కాబట్టి నాకు ఎడమ మలుపులే చెడిపోయాయి. మీదీ కుడి కాలే అన్నారు, ఇది గుర్తుపెట్టుకోండి.

రెండోది ఇంకా ముఖ్యం. స్కీ బూటు ముందుకి వాలి ఉంటుంది, మామూలుగా 12 నుంచి 16 డిగ్రీల దాకా. మీ చీలమండ అంతమేర ముందుకి వంగుతుందనే నమ్మకంతోనే దాన్ని అలా తయారుచేస్తారు. బెణుకు తర్వాత తరచుగా తగ్గేదీ, ఆలస్యంగా తిరిగొచ్చేదీ ఆ వంపే. వంగకపోతే బూటు లోపల మడమ కొద్దిగా పైకి లేస్తుంది. పైనుంచి చూసేవాళ్లకి ఏమీ కనపడదు. కానీ తుంటి వెనక్కి పోతుంది, బరువు స్కీల వెనక భాగం మీద పడుతుంది. వెనక్కి కూర్చుని స్కీయింగ్ చేయడం మోకాలి లిగమెంట్లకి ఎంత చెడ్డదో ఏ ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగినా చెబుతారు.

నిజానికి ఈ క్రీడ చరిత్రలోనే ఈ మార్పు కనిపిస్తుంది. తోలు బూట్ల కాలంలో స్కీయర్లకి ఎక్కువగా దెబ్బతినేవి చీలమండలు, కాలి ఎముకలు. 1960లలో గట్టి ప్లాస్టిక్ బూట్లు వచ్చి అందరికీ వ్యాపించాక చీలమండ దెబ్బలు బాగా తగ్గి, మోకాలి గాయాలు ముందుకొచ్చాయి. బూటు చీలమండని కాపాడుతుంది, నిజమే. కానీ ఆ బలం ఎటో మాయమైపోదు, పైకి వెళ్తుంది.

అందుకే నా సలహా ఒక్కటే: మీరు సిద్ధంగా ఉన్నారా లేదా అన్నది బూటు తొడుక్కుని తేల్చకండి, ఉత్త పాదాలతో తేల్చండి.

దానికంటే ముందు అసలు అది మామూలు బెణుకేనా అన్నది చూసుకోవాలి. మీరు ఎక్స్‌రే గురించి ఏమీ రాయలేదు. దెబ్బ తగిలిన రోజు నాలుగు అడుగులు కూడా వేయలేకపోయారా? చీలమండ గుబ్బల వెనక అంచున గానీ, కొసన గానీ ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టిందా? ఎక్స్‌రే అవసరమో కాదో తేల్చడానికి 1992లో కెనడాలోని ఒట్టావాలో డాక్టర్లు రూపొందించిన నియమాల్లో ముఖ్యమైనవి ఇవే, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఆరు వారాల తర్వాత కూడా ఎముక మీద నొప్పి ఉంటే ఇంకో మాట లేకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

బెణుకులాగే కనిపించి మోసం చేసేవి ఇంకా ఉన్నాయి. నొప్పి గుబ్బ కింద కాకుండా పైన, రెండు ఎముకల మధ్య ఉందా? పిక్క దగ్గర రెండు వైపులా పట్టుకుని నొక్కితే కింద చీలమండలో నొప్పి పుడుతోందా? అది పైభాగపు బెణుకు కావచ్చు. మామూలు బెణుకు కన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది. స్కీ ముందు కొన బయటికి తిరిగిన ప్రతిసారీ దెబ్బ పడేది సరిగ్గా అక్కడే. పాదం కదిపినప్పుడు బయటి గుబ్బ వెనక నరం తాడులా అటూ ఇటూ జారుతూ టక్కుమంటే అది టెండాన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) సమస్య, వ్యాయామాలతో నెట్టుకురాకుండా చూపించుకోవాలి. స్నోబోర్డ్ చేసేవాళ్లకైతే చీలమండ లోపలి టేలస్ ఎముక పక్క కొన విరిగి, ఎక్స్‌రేలో సరిగా కనపడక, బెణుకు కింద చెల్లిపోవడం బాగా తెలిసిన విషయం.

ఇవేవీ కాదనుకుంటే ఇంట్లో చేసుకునే పరీక్షలకి వద్దాం.

మొదటిది గోడ పరీక్ష. ఉత్త కాళ్లతో గోడకి ఎదురుగా నిలబడి, ఒక పాదం ముందు పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకి తాకించాలి. తాకితే పాదాన్ని కొద్దిగా వెనక్కి జరపండి, మళ్లీ తాకించండి. మడమ లేవకుండా మోకాలు తాకే చివరి చోట, బొటనవేలి నుంచి గోడ దాకా ఎంత దూరమో కొలవండి. నేను నేల మీద టేపు ముక్క అంటించి కొలిచాను. ఎడమ కాలు 11 సెంటీమీటర్లు, కుడి కాలు ఆరున్నర. మామూలుగా నడుస్తున్నాను, మెట్లు దిగుతున్నాను, అయినా అంత తేడా! ఆ టేపు ముక్కల్ని చూశాకే నా స్కీ ఎందుకు జారిందో మనసుకి ఎక్కింది.

రెండోది ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోవడం. దగ్గర్లో గోడో కుర్చీయో ఉంచుకోండి. బాగున్న కాలి మీద నేను అర నిమిషం నిలబడ్డాను. కుడి కాలి మీద కళ్లు మూయగానే వేళ్లు నేలని గీరుతున్నట్టు ముడుచుకుపోయాయి, చీలమండ పక్కన నరాలు టకటకా కొట్టుకున్నాయి, ఎనిమిది లెక్కపెట్టేలోపు కాలు దించేశాను. లిగమెంట్‌లో పాదం ఏ కోణంలో ఉందో మెదడుకి చెప్పే నాడులు ఉంటాయి. బెణుకుతో అవి కూడా దెబ్బతింటాయి. నొప్పి పోయినంత మాత్రాన అవి కోలుకున్నట్టు కాదు. ఒకసారి బెణికిన చీలమండే మళ్లీ మళ్లీ బెణకడానికి ఇదొక పెద్ద కారణం.

తర్వాత ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం. రెండు కాళ్లకీ ఎన్నెన్ని వస్తున్నాయో లెక్కపెట్టండి. చివరగా ఒంటికాలి మీద ముందుకీ, పక్కలకీ గెంతి, దిగిన చోట కదలకుండా ఆగడం. స్కీయింగ్‌కి దగ్గరిది ఈ పక్క గెంతే. ఇవన్నీ చేశాక మర్నాడు పొద్దున లేవగానే చీలమండ చూసుకోండి. మళ్లీ వాపు కనిపిస్తే ఇంకా సమయం ఉందని అర్థం. చేసేటప్పటి నొప్పికన్నా మర్నాటి వాపునే నేను ఎక్కువ నమ్ముతాను.

మూడు వారాలు తక్కువేమీ కాదు. గోడ పరీక్షనే వ్యాయామంగా రోజుకి రెండు మూడు సార్లు చేయండి. రబ్బరు బ్యాండు పాదానికి చుట్టి బయటివైపు నెమ్మదిగా లాగి, అంతకన్నా నెమ్మదిగా వదలండి. మడత పెట్టిన తువ్వాలు మీద ఒంటికాలితో నిలబడండి; నేను పళ్లు తోముకునేటప్పుడు చేసేవాడిని. రెండో వారం నుంచి మెట్టు అంచున మడమ ఎత్తి దించడం, మూడో వారంలో గెంతులు. వీలైతే ఒక్కసారైనా ఫిజియోకి చూపించుకోండి. నాలాగా వద్దు, ముందే చూపించుకోండి.

ఇక బూటు సంగతి. బెణికిన కాలికి అసలు పరీక్ష స్లోప్ మీద కాదు, బూటు తొడిగేటప్పుడూ విప్పేటప్పుడూ ఎదురవుతుంది. పాదాన్ని కిందికి సాచి, మెలితిప్పి దూర్చాలి కాబట్టి. చల్లటి ప్లాస్టిక్ రాయిలా ఉంటుంది, రాత్రంతా బూట్లు వెచ్చటి గదిలో ఉంచండి. నేనైతే లోపలి మెత్తటి లైనర్‌ని బయటి గట్టి షెల్ నుంచి తీసి, ముందు దాన్ని కాలికి తొడుక్కుని, పైన రెండంచులనీ ఒకదాని మీద ఒకటి మడిచి పట్టుకుంటాను. తర్వాత షెల్ రెండు వైపులా బాగా విడదీసి మడమతో నొక్కితే ఒక్కసారిగా కూర్చుంటుంది. చీలమండ మెలితిరగదు. సాక్స్ పలచటివి, ఒక్క జతే. లేసులూ పట్టీలూ ఉన్న యాంకిల్ బ్రేస్ బూటు లోపల పెట్టకండి, గుబ్బని నొక్కి చంపేస్తుంది. కావాలంటే ఆటగాళ్లు చీలమండకి చుట్టుకునే టేపు వేసుకోండి. గుబ్బ దగ్గర ఇంకా మందంగా ఉంటే బూట్లు అమర్చేవాళ్లు ఆ చోట షెల్‌ని వేడిచేసి బయటికి సాగదీస్తారు.

బైండింగ్ డిన్ గురించి కూడా ఒక మాట. బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు ఎంత బలానికి వదిలేయాలో చెప్పే అంకె అది. కాలు బలహీనంగా ఉంది, స్కీ ఊడిపోతే కష్టం అని దాన్ని పెంచకండి. పడినప్పుడు స్కీ ఊడకపోతే నలిగేది మోకాలే. టెక్నీషియన్ మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవుతో పాటు మీరు ఏ రకం స్కీయర్ అని అడుగుతారు. ఈసారికి జాగ్రత్తగా, నెమ్మదిగా వెళ్లే మొదటి రకం అని చెప్పండి, సెట్టింగ్ ఆ ప్రకారం తక్కువగా పెడతారు.

మొదటి రోజు ఒక్క పూటే. పొద్దున్నే, మంచు చదును చేసిన తేలిక వాలు మీద. నేను తిరిగి వెళ్లినప్పుడు మొదటి పావుగంట దాదాపు చదునుగా ఉన్న చోటే గడిపాను. మోకాళ్లు ముందుకి వంచి పిక్క ముందుభాగం బూటు నాలుకని తాకుతోందా, రెండు కాళ్లకీ ఒకేలా తాకుతోందా అని చూసుకున్నాను. తర్వాత పక్కకి జారడం, తర్వాత పెద్ద పెద్ద మలుపులు. రెండు వైపులా మలుపులు ఒకేలా రావాలి. ఒక వైపు స్కీ జారుతుంటే ఆరోజుకి అక్కడితో ఆపేయండి. చైర్‌లిఫ్ట్‌లో పాదాలు ఆన్చుకునే కడ్డీ ఉంటే తప్పకుండా వాడండి, గాల్లో వేలాడే స్కీ బరువు చీలమండని గుంజుతూనే ఉంటుంది. లిఫ్ట్‌లో పై బకిల్స్ కాస్త వదులు చేసుకుంటే రక్తం ఆడుతుంది, దిగగానే మళ్లీ బిగించుకోవడం మరిచిపోకండి. నొప్పి మాత్ర వేసుకుని స్లోప్ ఎక్కడం మాత్రం వద్దే వద్దు. ఆగమని చెప్పేది ఆ నొప్పొక్కటే.

సాయంత్రం బూట్లు విప్పాక ఇంకా జాగ్రత్త. అలసిన కాలు, మామూలు షూ, గడ్డకట్టిన పార్కింగ్ నేల. రోజంతా బూటు కాపాడిన చీలమండ సరిగ్గా అక్కడ మళ్లీ మడతపడుతుంది.

ఒకవేళ మీరు వెళ్తున్నది క్రాస్ కంట్రీ స్కీయింగ్‌కి, అంటే మంచు మీద నడుస్తున్నట్టు జారుతూ దూరాలు వెళ్లేదానికి అయితే నా జవాబు మారుతుంది. ఆ బూట్లు మెత్తగా ఉంటాయి, మడమ స్వేచ్ఛగా లేస్తుంది, చీలమండకి ఆసరా తక్కువ. పక్క గెంతు నిబ్బరంగా రాకుండా అటు పోకండి.

ఈ రాత్రే గోడ పరీక్ష చేసి రెండు కాళ్ల కొలతలూ ఇక్కడ రాయండి. తేడా రెండు సెంటీమీటర్ల లోపుంటే మూడు వారాల్లో ఆశ పెట్టుకోవచ్చని నా అనుభవం. అంతకన్నా ఎక్కువుంటే ట్రిప్‌కి వెళ్లండి, కానీ స్కీల సంగతి చివరి రెండు రోజులకి వాయిదా వేసుకోండి. నొప్పి సరిగ్గా ఎక్కడుందో ఒక్క వేలితో చూపించగలిగితే ఆ చోటు కూడా రాయండి, గుబ్బకి కిందా, వెనకా, పైనా అని.