నెలకు 9 వేల సినిమా ఖర్చు: ఏ సినిమా ఏ హాల్లో చూడాలి?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది హిందూపురం. పదేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఎలక్ట్రానిక్ సిటీలో అద్దెకు ఉంటున్నాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ల బాబు, మా అమ్మ. చేతికొచ్చే జీతం 1,20,000. అద్దె 26,000, కారు ఈఎంఐ 15,200, బాబు స్కూలుకు 9,000, ఇంటి ఖర్చులు 32,000, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ 8,000. బ్యాంకులో 60 వేలు ఉన్నాయి. మా ఇంట్లో అందరికీ సినిమా పిచ్చి. నెలకు రెండుసార్లు మాల్‌లోని మల్టీప్లెక్స్‌కు వెళ్తాం. లెక్క చూస్తే నెలకు 9 వేలు దాటుతోంది. మడివాళ వైపు సింగిల్ స్క్రీన్‌కు వెళ్దామని మా ఆవిడ అంటుంది. ఒకసారి వెళ్లాం, ఖర్చు బాగా తగ్గింది కానీ మెట్లెక్కలేక అమ్మ ఇబ్బంది పడింది. 1,60,000 పెట్టి హోమ్ థియేటర్ కొనుక్కో, వడ్డీ లేకుండా 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది, ఎలాగూ సినిమాలన్నీ ఓటీటీలో వచ్చేస్తాయి కదా అని ఒక ఫ్రెండ్ సలహా. రెండు చోట్ల బిల్లులూ జత చేశాను. ఏం చేయమంటారు?

జవాబు: బిల్లులు పంపి మంచి పని చేశారు. సినిమా ఖర్చు గురించి అడిగేవాళ్లలో చాలామంది టికెట్ ధర ఒక్కటే చెబుతారు. అసలు సంగతి మిగతా కాగితాల్లో ఉంటుంది.

ముందు మాల్ బిల్లు చూద్దాం. టికెట్లు నాలుగు, ఒక్కోటి 420, మొత్తం 1,680. ఆన్‌లైన్ బుకింగ్ ఫీజు టికెట్‌కు 30, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35.40, నాలుగింటికి 141.60. ఇంటర్వెల్‌లో రెండు పెద్ద పాప్‌కార్న్ టబ్బులు, రెండు కోక్‌లు, బాబుకు నాచోస్, ఒక నీళ్ల బాటిల్ కలిపి 1,930. పార్కింగ్ టెన్షన్ వద్దని కారు ఇంట్లో పెట్టి క్యాబ్‌లో వెళ్లారు, రానూపోనూ 840. అంతా కలిపితే 4,591.60. ఇందులో టికెట్ల వాటా నూటికి 37 కూడా లేదు. తిండి వాటా 42. అంటే ఇంట్లో ఇంతకాలం గొడవ పడుతున్నది టికెట్ గురించి, జేబుకు చిల్లు పడుతున్నది ఇంటర్వెల్‌లో.

సింగిల్ స్క్రీన్ బిల్లులో బాల్కనీ టికెట్లు నాలుగు 800, కౌంటర్లో కొన్నారు కాబట్టి ఫీజు లేదు. సమోసాలు, టీ, ఒక పాప్‌కార్న్ ప్యాకెట్ 260. మెట్రో, ఆటో కలిపి 360. మొత్తం 1,420. అదే కుటుంబం, అవే మూడు గంటలు, తేడా మూడు వేల పైమాటే.

అలాగని మల్టీప్లెక్స్ మానేయమని చెప్పను. అమ్మగారు మెట్లెక్కలేని సంగతి మీరే రాశారు. పాత సింగిల్ స్క్రీన్లలో చాలా వాటికి లిఫ్ట్ ఉండదు, బాల్కనీ అంటే మెట్లెక్కాల్సిందే. ఆవిడ కోసం లిఫ్ట్, శుభ్రమైన బాత్రూమ్, కాళ్లు చాపుకునే సీటు ఉన్న చోటికి వెళ్లి వందా రెండొందలు ఎక్కువ ఇస్తే అది దుబారా కాదు. ఆ డబ్బుకు తగిన సుఖం దక్కుతోంది. లేదంటే సింగిల్ స్క్రీన్‌లోనే కింది క్లాసులో వెనక వరస అడగండి. టికెట్ కూడా తక్కువ, మెట్లూ తప్పుతాయి.

నేను చెప్పేది ఒకటే. ఏ హాలన్నది సినిమాను బట్టి, ఆ రోజు ఎవరెవరు వెళ్తున్నారన్న దాన్ని బట్టి తేల్చుకోండి. ఇప్పుడు మీ ఇంట్లో అలవాటే తేలుస్తోంది, యాప్ తెరవగానే వేలు అదే మాల్ మీదికి పోతోంది.

పెద్ద హీరో సినిమా మొదటి వారం అయితే మీరూ మీ ఆవిడా మడివాళ సంధ్యకో, లాల్‌బాగ్ దగ్గర ఊర్వశికో, మారతహళ్లి తులసికో వెళ్లండి. తెలుగు సినిమాకు ఈల వేసే జనం మధ్య కూర్చుంటే వచ్చే ఊపు రిక్లైనర్లో రాదు. వెయ్యిమంది పట్టే హాల్లో హీరో ఎంట్రీకి లేచే అరుపు వినడానికే సగం మంది వస్తారు. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మీకు ఇప్పుడు దారి కూడా సులువైంది. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ వచ్చాక సెంట్రల్ సిల్క్ బోర్డు దాకా మెట్రో, అక్కడి నుంచి మడివాళకు ఆటో. ఇలాంటి హాళ్లు ఎన్నాళ్లుంటాయో అన్న బెంగ కూడా నాకుంది. గాంధీనగర్ కపాలి పోయింది, బ్రిగేడ్ రోడ్డు రెక్స్ 2018 చివర్లో మూతపడింది, 1974లో మొదలైన కావేరి 2024లో ఆగిపోయింది.

నలుగురూ కలిసి వెళ్లే కుటుంబ సినిమాకు మల్టీప్లెక్సే పెట్టుకోండి, కానీ రెండో వారంలో, వీలైతే మధ్యాహ్నం ఆటకు. అక్కడ టికెట్ ధర రోజును బట్టి, ఆటను బట్టి మారుతుంది. శనివారం సాయంత్రం 420 ఉన్న సీటు మామూలు రోజుల్లో చాలా తక్కువకు దొరుకుతుంది. బాబు స్కూలు సెలవుల్లో ఈ సౌకర్యం వాడుకోండి. ఐమాక్స్ తెరకు ఎక్కువ డబ్బు పెట్టడం ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఆ తెర కోసమే తీసిన సినిమాలకు చాలు. నలుగురు కూర్చుని మాట్లాడుకునే సినిమా ఎంత పెద్ద తెర మీదైనా అంతే.

ధర తగ్గుతుందేమోనని మాత్రం ఎదురుచూడకండి. 2025 సెప్టెంబరు 12న కర్ణాటక ప్రభుత్వం పన్నులు కాకుండా టికెట్ 200 దాటకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. 75 సీట్లు, అంతకు తక్కువ ఉన్న ప్రీమియం హాళ్లకు మినహాయింపు పెట్టింది. 23వ తేదీనే హైకోర్టు స్టే ఇచ్చింది. కోర్టులో నలుగుతున్న ధర మీద ఇంటి బడ్జెట్ వేయలేం. జీఎస్టీ సంగతి కూడా తెలుసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల దాకా ఉన్న టికెట్‌కు పన్ను 5 శాతం, అంతకు మించితే 18 శాతం. మీ 1,680లో పన్నే సుమారు 256. హాల్లో విడిగా కొనే తిండికి 5 శాతమే. టికెట్, తిండి కలిపి ఒకే ధరకు అమ్మితే మొత్తం మీద టికెట్ పన్నే పడవచ్చు. కాబట్టి ‘కాంబో’ అన్న మాటకు తొందరపడకండి.

ఇక ఇంటర్వెల్. బయటి తిండి లోపలికి తేవద్దనే హక్కు హాలు వాళ్లకు ఉందని 2023 జనవరి 3న సుప్రీంకోర్టు చెప్పింది. మంచి నీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాల్సిందేనని కూడా అప్పుడే చెప్పింది. ఒకసారి ఒక మల్టీప్లెక్స్‌లో నేను నీళ్లు అడిగితే కౌంటర్లో అబ్బాయి మారుమాట లేకుండా బాటిల్ తీసి బిల్లు కొట్టబోయాడు. “ఫిల్టర్ ఎక్కడుంది బాబూ?” అని అడిగితే గానీ చెయ్యి ఎత్తి చూపించలేదు. బాత్రూమ్‌ల పక్క సందులో, చెత్తబుట్ట వెనకాల, స్టీల్ కూలర్. పక్కనే పేపర్ కప్పుల దొంతర. వెనక్కి తిరిగి చూస్తే నలుగురైదుగురు బాటిళ్లు పట్టుకుని హాల్లోకి వెళ్తున్నారు. ఒక్కరి కంటికీ ఆ కూలర్ ఆనలేదు. మీరు అడగండి, మొహమాటం వద్దు.

ఇంట్లో తిని బయల్దేరండి. ఆరున్నర ఆటకు వెళ్లేముందు అమ్మగారు రెండు దోసెలు పోస్తే బాబు నాచోస్ అడగడు. ఒక టబ్ పాప్‌కార్న్ నలుగురికీ చాలు, అది సినిమా సరదాలో భాగమే, దాన్ని తీసేయమనను. రద్దీ లేని రోజు టికెట్ కౌంటర్లో కొనండి. బుకింగ్ ఫీజే మీకు ఏడాదికి 3,400 దాకా అవుతోంది.

ఇప్పుడు లెక్క. నెలకు ఒకసారి సింగిల్ స్క్రీన్, నలుగురూ వెళ్లినా 1,420. ఒకసారి మల్టీప్లెక్స్, తక్కువ ధర ఆటకు, ఒక టబ్‌తో, మెట్రోలో వెళ్తే సుమారు 1,900. మొత్తం 3,320. నేను 4,000 పెట్టుకోమంటాను. ఒకటో తారీకున ఆ డబ్బు వేరే సేవింగ్స్ ఖాతాకు మార్చి, సినిమాకు ఆ కార్డే వాడండి. మిగిలింది పై నెలకు పోనివ్వండి. సంక్రాంతికి కోరుకున్న హాల్లో, కోరుకున్న సీట్లో కూర్చోవడానికి అదే పనికొస్తుంది.

హోమ్ థియేటర్ ఇప్పుడు వద్దు. 1,60,000ను 12తో భాగిస్తే నెలకు 13,333, మీ సినిమా ఖర్చు కంటే ఎక్కువ. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉండొచ్చు, తగ్గింపు రూపంలో సర్దేసే వడ్డీ భాగం మీద జీఎస్టీ మీరే కడతారు, రొక్కం ఇస్తే వచ్చే తగ్గింపు పోతుంది. పైగా అది వచ్చాక మీరు హాలుకు వెళ్లడం మానేస్తారని నాకు నమ్మకం లేదు. మీ ఉత్తరమంతా నలుగురూ కలిసి బయటికి వెళ్లే సంబరమే కనిపిస్తోంది.

నాకు ఆందోళన కలిగించింది వేరే. సిప్ కాకుండా మీ తప్పనిసరి ఖర్చులు 82,200. ఉద్యోగం ఆరు నెలలు ఆగితే దాదాపు 5 లక్షలు కావాలి, బ్యాంకులో ఉన్నది 60 వేలు. మీరు రాసిన ఖర్చులన్నీ, సినిమాతో సహా, తీసేసినా నెలకు 20 వేలు మిగలాలి. అవి ఎటు పోతున్నాయో మీరు రాయలేదు. ముందు ఒక నెల పాటు అది రాసి పెట్టండి. సినిమాలో మిగిలే 5,000, ఆ 20 వేలలో కనీసం 15,000 కలిపి రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే రెండేళ్లలోపే ఆ 5 లక్షలు చేతికొస్తాయి.

అమ్మగారికి ఆరోగ్య బీమా ఉందా? కంపెనీ పాలసీలో తల్లిదండ్రులు ఉన్నారో లేదో రేపే హెచ్‌ఆర్‌ను అడగండి. లేకపోతే విడిగా తీసుకోండి. టికెట్ల పన్ను మారిన అదే సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాలపై జీఎస్టీ పూర్తిగా తీసేశారు. మీ పేరు మీద టర్మ్ పాలసీకి కూడా ఇది వర్తిస్తుంది. ముందే ఉన్న జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని కాలం, అంటే వెయిటింగ్ పీరియడ్, 3 ఏళ్లు మించకూడదు, కొన్ని పాలసీల్లో ఇంకా తక్కువ ఉంటుంది. రెండు మూడు కంపెనీల నుంచి కొటేషన్లు తీసుకుని, ఆ వెయిటింగ్ పీరియడ్ రాసిన పేజీ ఫొటో తీసి నాకు పంపండి. అమ్మగారి వయసు, వాడుతున్న మందుల పేర్లు కూడా రాస్తే ఏది తీసుకోవాలో చెబుతాను.