మొక్కల అక్వేరియంలో లైటు రోజుకు ఎన్ని గంటలు, ఏ వేళల్లో వేయాలి?

మీరు రాసిన ప్రకారం మీది రెండడుగుల తొట్టి. వాలిస్నేరియా, అనూబియాస్, కొద్దిగా లిమ్నోఫిలా అనే నీటి మొక్కలు ఉన్నాయి, మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ అందించే సిలిండర్ లేదు. పొద్దున 6కి లైటు వేసి రాత్రి 10కి ఆపుతున్నారు. అద్దాలకూ ఆకులకూ పచ్చగా పాచి పట్టేస్తోంది, లైటు తగ్గిస్తే మొక్కలు చచ్చిపోతాయేమోనని మీ టెన్షన్. ఏమీ కావండి, తగ్గించేయండి. 16 గంటలు చాలా ఎక్కువ. రేపటి నుంచే రోజుకు 6 గంటలకు తీసుకురండి.

మాది పాలకొల్లు దగ్గర ఊరు. మా బాబాయి వాళ్లకు రొయ్యల చెరువులున్నాయి. చిన్నప్పుడు చెరువు గట్టు మీద విన్న మాటలే నాకు ఈ లైటు లెక్క నేర్పాయి. పగలు ఎండకు నీళ్లలోని ప్లాంక్టన్, అంటే కంటికి కనిపించనంత చిన్న పచ్చటి జీవులు, కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆక్సిజన్ వదులుతుంది. కార్బన్ డయాక్సైడ్ నీళ్లను ఆమ్లంగా చేస్తుంది, అది తగ్గుతుంది కాబట్టే పొద్దున చూసిన పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) సాయంత్రానికి పెరుగుతుంది. రాత్రయితే ఆక్సిజన్ వాడుకునేవే తప్ప ఇచ్చేది ఉండదు. డీవో, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, తగ్గుతూ తగ్గుతూ తెల్లవారుజాముకు బాగా పడిపోతుంది. ఆ వేళకు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

గాజు తొట్టిలోనూ జరిగేది ఇదే. రాత్రంతా చేపలు, మొక్కలు, అడుగు మట్టిలోని బ్యాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో చేరి ఉంటుంది. లైటు వెలగగానే మొక్కలు దాని మీద పడతాయి. సిలిండర్ లేని తొట్టిలో మొదటి కొన్ని గంటల్లోనే అది బాగా తగ్గిపోతుంది. ఆ తర్వాత మీరు ఎంతసేపు లైటు వేసినా మొక్కకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. పాచి మాత్రం ఆ కొద్దిపాటి దానితోనే బతికేస్తుంది. చెరువులో ప్లాంక్టన్ పెరిగి నీళ్లకు రంగు రావాలని అంత శ్రద్ధగా చూసుకుంటామే, ఇంట్లో తొట్టికి ఆ రంగే రాకూడదు.

‘బయట సూర్యుడు 12 గంటలు ఉంటాడు కదా’ అని నేనూ మొదట్లో 12 గంటలు వేశాను. మన డెల్టాలో పగలు డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో 13 గంటలు ఉంటుంది, నిజమే. కానీ ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా, పలచగా పడుతుంది. తీవ్రంగా ఉండేది మధ్యలో కొన్ని గంటలే. మనం పెట్టే ఎల్‌ఈడీ మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా ఒకే జోరుతో వెలుగుతుంది. పైగా నా తొట్టి తూర్పు కిటికీ పక్కనే ఉండేది. లైటు గంటలు లెక్కపెట్టుకున్నాను గానీ పొద్దున్నే గంటసేపు నేరుగా పడే ఎండను లెక్కలో వేసుకోలేదు. నెల తిరిగేసరికి వాలిస్నేరియా ఆకుల నిండా జుట్టులాంటి పాచి. కిటికీకి తెర కట్టి, లైటు 6 గంటలకు తగ్గించాక, మూడు వారాలకు కొత్త ఆకులు శుభ్రంగా రావడం మొదలైంది. పాత ఆకుల మీది పాచి అలాగే ఉండిపోయింది, వాటిని కత్తిరించాను. మీరు కూడా చూడాల్సింది కొత్త ఆకునే.

ఇక వేళల సంగతి. మీరు ఇంట్లో ఉండి చూసుకునే సమయానికే లైటు పెట్టుకోండి, చేపలకు దాంతో ఇబ్బంది లేదు. ప్రతిరోజూ ఒకే సమయానికి వెలిగి, ఆరిపోవాలి, రాత్రి మాత్రం పూర్తి చీకటి ఉండాలి. నేను ఉదయం 7 నుంచి 9 వరకు, మళ్లీ సాయంత్రం 5:30 నుంచి 9:30 వరకు వేస్తాను. మధ్యలో విరామం ఇస్తే పాచి చచ్చిపోతుందని కొందరు అంటారు. నా తొట్టిలో అలా చావడం నేను చూడలేదు. విరామంలో కార్బన్ డయాక్సైడ్ మళ్లీ కొంత చేరుతుంది, సాయంత్రం మొక్కలకు అది పనికొస్తుంది. నాకు ఆ ఉపయోగం చాలు. ఇంకో లాభం, మే నెల మధ్యాహ్నం ఎండకు నీళ్లు ఎలాగూ వేడెక్కి ఉంటాయి, ఆ వేళలో పైన లైటు వేడి కూడా తోడవదు.

చేత్తో స్విచ్ వేసే పద్ధతి మానేయండి. ఒకసారి పెళ్లికి అమలాపురం వెళ్లి రెండు రోజులు లైటు అలాగే వదిలేశాం. తర్వాత ముల్లు తిరిగే టైమర్ కొన్నాను. కరెంటు పోయినంతసేపూ అదీ ఆగిపోతుంది, కోతల రోజుల్లో సాయంత్రం లైటు కాస్తా జరిగి జరిగి అర్ధరాత్రికి పోయింది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకున్నాకే ఆ బాధ తప్పింది. కొనేటప్పుడు బ్యాటరీ ఉందా అని తప్పకుండా అడగండి.

6 గంటలు సరిపోతున్నాయో లేదో మీ లిమ్నోఫిలానే చెబుతుంది. దానికి కావలసినంత వెలుగు అందాక, సాయంత్రం చింతాకు ముడుచుకున్నట్టు కొమ్మ చివరి ఆకులు దగ్గరకు ముడుచుకుంటాయి. లైటు ఆరకముందే ముడుచుకుంటున్నాయంటే గంటలు పెంచే పనే లేదు. కాడలు సన్నగా సాగి, కణుపుల మధ్య దూరం పెరుగుతూ ఉంటే వెలుగు చాలడం లేదని అర్థం. అప్పుడు అరగంట పెంచి రెండు వారాలు ఆగి చూడండి. సిలిండర్ లేని తొట్టికి 8 గంటలు దాటించకండి. అనూబియాస్ నెమ్మదిగా పెరిగే మొక్క, ఆకు చాలాకాలం ఉంటుంది కాబట్టి పచ్చ పాచి చుక్కలు ముందు దానికే పడతాయి. దాన్ని వాలిస్నేరియా నీడలోకి జరపండి.

వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక మా ఊళ్లో మంచినీళ్లు చూసి వాడుకోవాలి, తొట్టిలో నీళ్లు మార్చడం తగ్గుతుంది, పాచికి అది అదను. ఆ నెలల్లో నేను సాయంత్రం అరగంట ముందే లైటు ఆపేస్తాను. మీకూ అదే పరిస్థితి ఉంటే అలా చేయండి.

మీ తొట్టి కిటికీకి ఎంత దూరంలో ఉంది, లైటు ఎన్ని వాట్లు, నీటి మట్టానికి ఎంత ఎత్తులో ఉంది అన్నవి రాయండి. వెలుగు మరీ తీవ్రంగా ఉంటే 6 గంటలు కూడా ఎక్కువే కావచ్చు, లైటును ఎంత పైకి ఎత్తాలో అప్పుడు చెబుతాను.