నాలుగు చోట్లు వద్దు, ఒక్కటి చాలు

అమ్మాయీ,

ఏడో తరగతి పిల్లల్ని విజ్ఞాన యాత్రకు తీసుకెళ్తున్నావని, ఒకే రోజులో మ్యూజియం, ప్లానెటేరియం, డెయిరీ, జూ అన్నీ చూపిస్తానని రాశావు. నీ ఉత్సాహం చూసి ముచ్చటేసింది. కానీ నాలుగూ వద్దు. అన్ని చోట్లకు తిప్పితే పిల్లలకు గుర్తుండేది బస్సే.

నన్నడిగితే మంచినీళ్లు శుద్ధి చేసే కేంద్రానికి తీసుకెళ్లు. పటిక వేస్తే మట్టి గడ్డకట్టి అడుక్కు దిగుతుందని, తర్వాత ఇసుక పొరల్లో వడకడతారని, చివర క్లోరిన్ కలుపుతారని పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. పాఠంలో లేనిది ఒకటుంది: ఇవాళ పటిక ఎంత వెయ్యాలి? వానలకు నది ఎర్రబారితే నిన్నటి మోతాదు ఇవాళ సరిపోదు. అందుకే అక్కడి ల్యాబ్‌లో వరసగా బీకర్లు పెట్టి, అన్నిట్లో అవే నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక కలిపి చూస్తారు. దాన్ని జార్ టెస్ట్ అంటారు. ఏ బీకరులో నీళ్లు బాగా తేరుకుంటే ఆ మోతాదును బట్టి కేంద్రంలోని పెద్ద ట్యాంకుల్లో పటిక వేస్తారు.

వాళ్లను అడిగి ఆ పరీక్ష పిల్లల ముందు చేయించు. ఏ బీకరు ముందు తేరుకుంటుందో పిల్లల్నే చెప్పమను. ఎక్కువ వేసిందే అని చాలామంది అంటారు. మోతాదు మించితే నీళ్లు మసకగానే ఉండిపోవచ్చు. ఆ సంగతి కళ్లారా చూసిన పిల్లకు, పుస్తకంలో ఒక్క వాక్యంగా ఉన్నది అక్కడ ఒక మనిషి రోజూ తేల్చుకోవలసిన పని అని అర్థమవుతుంది. ఆ పని చేసే మనిషితోనే మాట్లాడించు, గైడుతో కాదు. రాత్రి డ్యూటీ ఎలా ఉంటుంది, కరెంటు పోతే ఏం చేస్తారు, ఈ పనికి ఏం చదివారు అని పిల్లలు అడగనీ. ప్రశ్నపత్రాలు మాత్రం పంచకు. ఖాళీలు నింపుతూ తల దించుకున్న పిల్లలు బీకర్లు చూడరు.

ముందురోజు క్లాసులో కాసేపు కేటాయించు. ఎక్కడికి వెళ్తున్నాం, ఏ వరసలో చూస్తాం, ఎక్కడ తింటాం, బాత్రూములు ఎక్కడ, అన్నీ చెప్పెయ్యి. చోటు మరీ కొత్తదైతే పిల్లలు దానికి అలవాటు పడటంలోనే ఉండిపోయి, అప్పగించిన విషయం సరిగా నేర్చుకోరని 1978లో జాన్ ఫాక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు రాశారు. క్లాసుల్లో నేను చూసిందీ అదే.

ఒక రోజు పాఠాలు పోతాయని హెడ్‌మాస్టరు గారు అంటున్నారన్నావు. ఆయనకు ఈ సంగతి చెప్పు. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో 2011లో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే ఆర్ట్ మ్యూజియం తెరిచారు. వస్తామన్న బడులు ఎక్కువై లాటరీ తీయాల్సొచ్చింది. దాంతో వెళ్లిన పిల్లల్నీ, ఇంకా వెళ్లని పిల్లల్నీ పోల్చే వీలు పరిశోధకులకు దొరికింది. 123 బడులు, 10,000 పైచిలుకు పిల్లలు. వెళ్లొచ్చిన వాళ్లు, తామెన్నడూ చూడని బొమ్మ గురించి రాసినప్పుడు కూడా మరింత నిశితంగా ఆలోచించి రాశారు. పల్లెటూరి బడుల్లో, పేదపిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లో ఈ తేడా ఇంకా పెద్దది.

అందుకే గట్టిగా చెబుతున్నాను, డబ్బు కట్టలేక ఒక్క బిడ్డ కూడా ఆగిపోకూడదు. ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో తోటిపిల్లలకు తెలియకూడదు. వీల్‌చైర్‌లో వచ్చే బిడ్డ ఉంటే మెట్లు ఎక్కడున్నాయో నువ్వు ముందే వెళ్లి చూసుకో. తల్లిదండ్రుల అనుమతి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలల లెక్క సంగతి నీకు తెలిసిందే.

తిరిగొచ్చిన మర్నాడు వ్యాసం రాయించకు. నది నీళ్లు, కాస్త పటిక, నాలుగు గ్లాసులు క్లాసులో పెట్టి ఆ పరీక్ష వాళ్లనే చెయ్యనీ. తేరుకున్నా ఆ నీళ్లు ఎవరూ తాగకుండా చూడు, అందులో క్లోరిన్ ఉండదు. అక్కడ అడగడం మరిచిన ప్రశ్నలుంటే ఆ ల్యాబ్ మనిషికి పిల్లల చేతే ఉత్తరం రాయించు.

నీళ్ల కేంద్రం వాళ్లకు అనుమతి కోసం అర్జీ ఈ వారంలోనే పెట్టు. జవాబు రావడానికి వాళ్లకూ టైం పడుతుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు