అరడుగు కూడా ముందుండకు

చి.ల.సౌ. మేనకోడలికి,

విజయనగరం నుంచి అత్త ఆశీస్సులు. నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు మీ మామయ్య పక్కనే కూర్చుని ఉన్నారు. అందుకే సగమే చెప్పగలిగాను. మిగతా సగం రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ఫిబ్రవరిలో జరిగే హాఫ్ మారథాన్‌కు, అంటే 21 కిలోమీటర్ల చిల్లర పరుగుకు, నీ పేరుతోపాటు మీ ఆయన పేరు కూడా ఇచ్చి రుసుము కట్టేశానన్నావు. ఆయన "నీ ఇష్టం" అన్నారని సంబరంగా చెప్పావు. అమ్మాయీ, మగవాళ్ళు "నీ ఇష్టం" అన్నారంటే ఒప్పుకున్నట్టు కాదు. వాదించే ఓపిక లేదని అర్థం. ఈ సంగతి నాకు తెలియడానికి 21 కిలోమీటర్లు పట్టింది.

మా ఇంట్లో గోడకున్న ఫోటో నువ్వు చాలాసార్లు చూశావు. మామయ్యా నేనూ పతకాలతో నిలబడి ఉన్నది. అది మా రెండో పరుగు. మొదటి దాని ఫోటో అల్మారాలో ఉంది, అందులో నేనొక్కదాన్నే ఉన్నాను. అది విశాఖ బీచ్ రోడ్డు మీద జరిగింది. నేను పట్టుబట్టి తీసుకువెళ్ళాను. ఆయనకు కొత్త బూట్లు కొని, ఆ రోజే మొదటిసారి తొడిగించాను. దారి పొడుగునా వాచీ చూసుకుంటూ, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ నడిపించాను. పదహారో కిలోమీటరు దాటాక ఆయన ఏమీ చెప్పకుండా సముద్రం వైపున్న పిట్టగోడ మీద కూర్చుండిపోయారు. వంగి లేసు విప్పాను. మేజోడు మడమకు అంటుకుపోయింది. నెమ్మదిగా లాగితే, తెల్లటి మేజోడు మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మరక. బొబ్బ ఎప్పుడో చితికిపోయింది. ఎప్పటినుంచి అని అడిగితే "పదో కిలోమీటరు నుంచి" అన్నారు. మరి ఎందుకు చెప్పలేదన్నాను. "నువ్వు వాచీ చూసుకుంటున్నావు కదా" అన్నారు.

ముప్పై ఏళ్ళు బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. ఏ పిల్లనైనా పరుగుకు దింపేముందు పాదాలు చూసేదాన్ని. కట్టుకున్న మనిషి పాదాలు మాత్రం చూడలేదు. ఆయన "నువ్వు వెళ్ళు" అన్నారు. వెళ్ళాను. నేను ముగించిన చాలాసేపటికి ఆయన ఆటోలో వచ్చారు. ఆ రోజు రైల్లో విజయనగరం చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇదంతా నీకు చెప్పేది ఒక్క మాట కోసం: ఆ రోజు పరుగు ఎవరిదో ముందే తేల్చుకో. నీదైతే నువ్వొక్కదానివే పరుగెత్తు, ఆయన ఇంటి దగ్గర ఉంటారు, తప్పేమీ లేదు. ఇద్దరూ కలిసి అనుకుంటే మాత్రం అది ఆయన పరుగు. నీ పరుగు ఆ రోజుకు లేదు.

కనుక మొదట చేయాల్సింది మళ్ళీ అడగడం. భోజనాల దగ్గర వద్దు, పిల్లల ముందు వద్దు. "కట్టిన డబ్బు పోతే పోయింది, మీకు నిజంగా రావాలని ఉందా?" అని అడుగు. వద్దంటే మొహం ముడుచుకోకు. పది కిలోమీటర్లకు మార్చుకునే వీలుంటే ఆ మాట కూడా చెప్పు. వస్తానంటే, ఆయనకు బీపీ మాత్రలున్నాయి కాబట్టి, నలభై దాటారు కాబట్టి, బూట్ల కంటే ముందు డాక్టర్ దగ్గరకు తీసుకువెళ్ళు. అక్కడ వద్దన్నారంటే ఇక ఆ మాట ఎత్తకు.

ఆయన వెనకాడేది అలసటకని నువ్వు అనుకుంటున్నావు. నాకు అలా అనిపించడం లేదు. మీ మామయ్య నాకు ఏళ్ళ తర్వాత చెప్పారు, ఆయన భయమంతా నలుగురూ చూస్తారని. మీది శ్రీకాకుళం. ఏడు రోడ్ల కూడలిలో ఐదు నిమిషాలు నిలబడితే ఆఫీసువాళ్ళు నలుగురు కనబడతారు. పొట్ట ఊగుతూ, రొప్పుతూ, భార్య వెనక పరుగెత్తే మనిషిని చూసి టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు ఒక మాట అంటారు. ఆ మాట ఆయన ఇంటికి మోసుకొస్తారు, నీకు చెప్పరు. అందుకని మొదటి నెల తెల్లవారకముందే బయలుదేరండి. జనం తక్కువగా ఉండే దారి చూసుకోండి. నాగావళి వైపు పొద్దున్నే బాగుంటుంది. అరసవల్లి దారి కూడా మంచిదే కానీ రథసప్తమి దగ్గరపడ్డాక అటు వెళ్ళకండి, జనంలో నడవడానికే చోటుండదు. ఎలాగూ నెల తిరిగేసరికి ఆయనకే సిగ్గు పోతుంది.

ఇంకొకటి. గొప్పవాళ్ళను తెచ్చి ఆయన ముందు నిలబెట్టకు. నేనా పొరపాటు చేశాను. "మీ ఆముదాలవలస పక్కన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చింది, మీరు రెండు కిలోమీటర్లు పరుగెత్తలేరా" అన్నాను. ఆయన పుట్టింది ఆ చుట్టుపక్కలే. ఆ ఊరి పేరు వింటే పొంగిపోయే మనిషి, ఆ రోజు మౌనంగా బూట్లు విప్పేశారు. మల్లీశ్వరి పతకం మనందరికీ గర్వమే. కానీ ఒకరి ఘనత ఇంకొకరిని కొట్టడానికి కర్ర కాకూడదు. మీ ఊరి స్టేడియానికి మల్లయోధుడు కోడి రామమూర్తి గారి పేరుంది కదా, అక్కడికి తీసుకువెళ్ళినా ఆ పేరు మాత్రం ఎత్తకు. ఊరికే నడవండి.

ఇక సాధన. పదకొండు వారాలుంది. ఆయనకు వారంలో మూడు రోజులు చాలు. రెండు రోజులు అరగంట చొప్పున, ఆదివారం మాత్రం ఎక్కువ దూరం. ఆదివారాలు ఇలా పెట్టుకోండి: 6 కిలోమీటర్లు, 7, 8.5, తర్వాత వారం తగ్గించి 6. మళ్ళీ 10, 11.5, 13, తగ్గించి 10. తొమ్మిదో వారం 15, పదో వారం 9, ఆ పైన పరుగు. పూర్తి 21 ముందే పరుగెత్తి చూడాల్సిన అవసరం లేదు. ఒక ఆదివారం తప్పిపోతే దాన్ని తర్వాతి వారంతో కలిపి అప్పు తీర్చాలని చూడకండి. కాళ్ళు అలాంటి లెక్కలు ఒప్పుకోవు. వేగానికి కొలత మాటే. ఆయన పూర్తి వాక్యం చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు. "ఊఁ", "ఆఁ" అని ఊరుకుంటున్నారంటే కోపం వచ్చిందనుకోకు, ఊపిరి అందడం లేదు. తగ్గించు.

పరుగు మధ్యలో నడక పెట్టండి. అలసిపోయాక నడవడం కాదు, మొదటి నిమిషాల నుంచే. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఇది నా సొంత కనిపెట్టుడు కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన అమెరికావాడు జెఫ్ గాలోవే సామాన్యులకు దశాబ్దాలుగా నేర్పిన పద్ధతి. లెక్క చెబుతాను చూడు. పరుగు కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు, నడక కిలోమీటరుకు పదకొండు నిమిషాల చొప్పున వేసుకున్నా, మొత్తం మూడు గంటలకు కాస్త ముందే అయిపోతుంది. ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక అయినా మూడు గంటల పది నిమిషాల లోపే. నిర్వాహకులు ఎన్ని గంటల్లో ముగించాలంటారో ముందే కనుక్కుని, ఈ రెండింటిలో ఏది కుదురుతుందో ఆయననే ఎంచుకోమను. నడిచే నిమిషం వచ్చినప్పుడు ఆయనకు ఒంట్లో బాగానే ఉంటుంది, "అక్కర్లేదు, పరుగెత్తుదాం" అంటారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకోకు. మొదటి గంటలో నడిచిన నిమిషాలే మూడో గంటలో ఆయనను నిలబెడతాయి.

బూట్లు సాయంత్రం పూట కొనండి. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, పరుగులోనూ అంతే. కాలి పెద్దవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఇప్పుడే కొంటే ఫిబ్రవరికి పాదానికి అలవాటైపోతాయి. కాలిగోళ్ళు రెండు రోజుల ముందు అడ్డంగా, తిన్నగా కత్తిరించుకోవాలి. తొడల మధ్య, చంకల్లో, మగవాళ్ళకు రొమ్ముల దగ్గర కూడా వాజలీను రాయాలి. ఇది చెప్పడానికి సిగ్గుపడకు. చెమటకు తడిసిన చొక్కా మూడు గంటలు రాసుకుంటే అక్కడ చర్మం లేచిపోతుంది. మామయ్య స్నానం చేస్తూ కేక పెట్టినప్పుడు గానీ నాకు తెలియలేదు.

తిండి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆదివారం సాధనకు ముందు ఏది తిని హాయిగా ఉన్నారో ఆ రోజూ అదే. రెండు ఇడ్లీలో, అరటిపండో, బయలుదేరడానికి రెండు గంటల ముందు. మామయ్యకు చోడి (రాగి) అంబలి పడుతుంది, మీ ఆయనకు పడుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి. ముందు రాత్రి పెరుగన్నం, ముద్దపప్పు చాలు.

నీళ్ళ సంగతి మాత్రం జాగ్రత్తగా విను. మనది సముద్రపు గాలి. ఒళ్ళంతా చెమట కారుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ఎండెక్కాక చివరి గంట చాలా కష్టం. గంట దాటాక ఉత్త నీళ్ళు కాకుండా ఓఆర్ఎస్ తాగించు. లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్ళలోనే కలపాలి, చిక్కగా ఉంటే మంచిదని అరలీటరులో కలపకు. దాహం లేకపోయినా అదే పనిగా నీళ్ళు పోసినా ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడి తల తిరుగుడు, వాంతి, తికమక వస్తాయి. దాహమైనంత తాగితే చాలు. నొప్పి మాత్రలు ముందుగా వేసుకుని బయలుదేరడం ఒకటి చూస్తుంటాను. బీపీ ఉన్న మనిషికి అది అసలే వద్దు, మూత్రపిండాల మీద భారం పడుతుంది. ఛాతీలో పట్టేసినా, నడిచినా ఆయాసం తగ్గకపోయినా, మాట తడబడినా, ఎండలో పరుగెత్తుతూ చెమట ఆగిపోయినా అక్కడే ఆపి సహాయం పిలువు. అప్పుడు ఆయన "ఏమీ లేదు" అన్నా వినకు.

ఇక ఆ రోజు నువ్వు ఎలా ఉండాలో చెబుతాను. పక్కపక్కన పరుగెత్తే ఇద్దరిలో ఓపిక ఎక్కువున్నవారి భుజం తెలియకుండానే అరడుగు ముందుకు వస్తుంది. వెనకున్నవారు అందుకోవాలని కాస్త పెంచుతారు. ముందున్నవారు మళ్ళీ కాస్త పెంచుతారు. ఇద్దరికీ తెలియకుండా ఐదారు కిలోమీటర్లకే ఒకరి పని అయిపోతుంది. కనుక నీ భుజం ఆయన భుజానికి ఒక అరడుగు వెనకే ఉండాలి. ఆయన అడుగుల చప్పుడు నీకు ముందు నుంచి వినబడాలి. వాచీ ఆయన చేతికి పెట్టు. ఎప్పుడు నడవాలో, ఎప్పుడు పరుగెత్తాలో ఆయనే చెబుతారు. నువ్వు ముందుకు వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి పలకరించడం వద్దు, దానికన్నా అవమానం ఇంకొకటి లేదు. ప్రతి ఐదు కిలోమీటర్లకు "పాదాలు ఎలా ఉన్నాయి?" అని అడుగు. "ఎలా ఉన్నారు?" అంటే "బాగానే ఉన్నాను" అనేస్తారు, పాదాల గురించి అడిగితే నిజం చెబుతారు. జేబులో రెండు అంటుపట్టీలు ఉంచుకో.

పదిహేను దాటాక మాటలు తగ్గించు. "అయిపోయింది, వచ్చేశాం" అని అబద్ధం చెప్పకు. ఎంత మిగిలిందో అడిగితే అంతే చెప్పు. ఇక వద్దంటే ఆయనతోపాటే ఆగిపోవాలి. "నువ్వు వెళ్ళు" అంటారు, తప్పకుండా అంటారు. వెళ్ళకు. రెండోసారి మేమిద్దరం 3 గంటల 9 నిమిషాలకు ముగించాం. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర ఆయన "నువ్వు వెళ్ళు" అన్నారు. నేను వినబడనట్టు పక్కనే నడిచాను. కాసేపటికి ఆయనే వాచీ చూసి "పద, మన నిమిషం అయిపోయింది" అన్నారు. "మన" అన్నారు.

21 అని రాసిన బోర్డు కనబడగానే అయిపోయిందనుకుంటారు. కాదు, అక్కడి నుంచి ఇంకా 97.5 మీటర్లు ఉంటుంది. ముందే చెప్పి ఉంచు. అలసిపోయిన మనిషికి ఆ నిమిషం మోసంలా ఉంటుంది. గీత దాటగానే కూర్చోనివ్వకు, పది నిమిషాలు నెమ్మదిగా నడిపించు, ఏదైనా తినిపించు. "వచ్చే ఏడాది కూడా వద్దామా?" అని మాత్రం అడగకు. రావాలని ఉంటే ఆయనే అంటారు.

సంక్రాంతికి ఇద్దరూ రండి. ఆదివారం దూరం ఇక్కడ మా పెద్దచెరువు పక్కన పరుగెత్తవచ్చు. మామయ్య మీ ఆయనతో విడిగా మాట్లాడతానంటున్నారు. ఆ సమయానికి నువ్వూ నేనూ పైడితల్లమ్మ గుడికి వెళ్ళివద్దాం.

ఇట్లు,
మీ అత్త