ఎన్నారై సందేహాలు: రైఫిల్ తూటాకు ఏ పౌడర్ కొనాలి?

సందేహం: మాది కర్నూలు జిల్లా ఆదోని. టెక్సాస్‌లో ఉద్యోగం. .308 బోల్ట్ రైఫిల్ ఉంది. రేంజిలో వాడే తూటాలు ఇంట్లోనే నింపుకుందామని ప్రెస్సూ డైలూ తెచ్చుకున్నా. అంగట్లో చూస్తే పౌడర్ డబ్బాలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఏది కొనమంటావన్నా?

జవాబు: తమ్ముడూ, డబ్బా సంగతి తర్వాత, ముందు నీ వీసా సంగతి చూసుకో. హెచ్‌1బీ, ఎల్‌1, ఎఫ్‌1, హెచ్‌4 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర పెట్టుకుంటే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. శిక్ష 15 ఏళ్ళ దాకా ఉండొచ్చు. అమ్యూనిషన్ అంటే తయారైన తూటా ఒక్కటే అనుకునేరు. ఆ చట్టం లెక్కలో ఖాళీ కేసు (తూటా ఇత్తడి డొప్ప), ప్రైమర్ (అడుగున నిప్పు రాజేసే చిన్న మూత), బుల్లెట్ (దూసుకుపోయే ముక్క), పౌడర్ (లోపల మండే మందు) దేనికది అమ్యూనిషనే. రైఫిల్ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో వీసా గురించి అడుగుతారు. పౌడర్ డబ్బాకు చాలాచోట్ల ఎవరూ అడగరు, మనోళ్ళు తప్పులో కాలేసేది అక్కడే. ఏదైనా రాష్ట్రమిచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపుంది. గ్రీన్‌కార్డు ఉంటే ఈ నిషేధం వర్తించదు. ఇంకో మాట: నింపిన తూటాలు నీకోసమే. స్నేహితులకు అమ్మడం మొదలుపెడితే దానికి తయారీదారు లైసెన్సు కావాలి.

ఇక పౌడర్. పల్లెలో పొయ్యి ముట్టించినోళ్ళకు ఇది తొందరగా అర్థమవుతుంది. జొన్నచొప్ప భగ్గున మండి అయిపోతుంది, తుమ్మమొద్దు నిదానంగా కాలుతుంది. పౌడర్లలోనూ అదే తేడా. చిన్న కేసుకూ తేలిక బుల్లెట్‌కూ చొప్పలాంటి పౌడర్ కావాలి, పెద్ద కేసుకూ బరువు బుల్లెట్‌కూ మొద్దులాంటిది. బరువు బుల్లెట్ గొట్టంలో నిదానంగా కదులుతుంది కాబట్టి దాని వెనక ఖాళీ తొందరగా పెరగదు. అక్కడ వేగంగా కాలే పౌడర్ వేస్తే బుల్లెట్ కదిలేలోపే ప్రెషర్ హద్దు దాటిపోతుంది. అదే మరీ నిదానంది వేస్తే సగం కాలకుండానే గొట్టంలోంచి బయటపడుతుంది. వేగం రాదు, కేసు మూతి మసిపడుతుంది.

అందుకని పౌడర్ పేరుతో మొదలుపెట్టొద్దు. తూటా ఏది, బుల్లెట్ బరువు ఎన్ని గ్రెయిన్లు, ఈ రెండూ ఖాయం చేసుకుని లోడింగ్ మాన్యువల్ (ఏ తూటాకు ఏ పౌడర్ ఎంత వేయాలో రాసిన పుస్తకం) తెరువు. నీ .308కు 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ అనుకుందాం. ఆ పేజీలో వార్గెట్, ఐఎంఆర్ 4064, హెచ్4895 మూడూ కనిపిస్తాయి. దశాబ్దాలుగా అందరూ వాడుతున్నవే. నన్నడిగితే మొదటి డబ్బా వార్గెట్. కారణం బ్రాండు మోజు కాదు, ఎండ.

మే నెల కర్నూలు ఎండ సంగతి నీకు నేను చెప్పేదేముంది. టెక్సాస్‌లో తలుపులు మూసిన కారు అంతకన్నా ఘోరం. తూటా వేడెక్కితే లోపలి పౌడర్ ఇంకా వేగంగా కాలుతుంది, ప్రెషర్ పెరుగుతుంది. జనవరిలో బాగా పేలిన లోడే (నింపిన పౌడర్ కొలతే) ఆగస్టులో బోల్ట్ బిగబట్టేలా చేయొచ్చు. హాజ్‌డన్ కంపెనీ వాళ్ళ ఎక్స్‌ట్రీమ్ రకాలు, అంటే వార్గెట్, హెచ్4895, హెచ్4350, హెచ్1000 లాంటివి ఈ తేడా తక్కువగా ఉండేట్టు ఆస్ట్రేలియాలో తయారవుతాయి. తక్కువంటే లేదని కాదు సుమా. తూటాల డబ్బాను ఎండలో పెట్టకు, వేడెక్కిన ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే చోట) తూటాను నిలబెట్టకు.

వార్గెట్ గింజలు సన్నని పుల్లముక్కల్లా ఉంటాయి. కొలపాత్ర తిప్పేటప్పుడు మధ్యలో పడి కరుక్కుమని తెగుతాయి, కొలత రోంత అటూఇటూ అవుతుంది. గుండ్రటి గింజల హెచ్335, సీఎఫ్ఈ 223 లాంటి బాల్ పౌడర్లు నీళ్ళలా జారతాయి. .223 తూటాలు వందలకొద్దీ నింపేవాళ్ళకు అవి హాయి. నువ్వు రేంజికి యాభై తీసుకుపోతావు, ఒక్కొక్కటీ తూచుకో. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో తక్కెడ ముందు ఫ్యాను ఎందుకు వేయరో, ఇక్కడా అందుకే వేయకూడదు. గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. ఏసీ గాలికే డిజిటల్ కాటా అంకె తప్పుతుంది. మొదలుపెట్టే ముందు చెక్ వెయిట్ (బరువు ఖాయంగా తెలిసిన రాయి) పెట్టి చూసుకో, ఇరవై తూటాలకొకసారి మళ్ళీ పెట్టు.

కేసును దాదాపు నింపే పౌడర్ కొత్తవాళ్ళకు మేలు. పొరపాటున రెండోసారి పోసినా పొర్లి బల్లమీద పడుతుంది, తప్పు కళ్ళముందే తెలుస్తుంది. ఎందుకైనా మంచిది, బుల్లెట్లు కూర్చోబెట్టకముందే కేసులన్నీ బ్లాకులో (గుంటలున్న పలకలో) నిలబెట్టి టార్చి వేసి చూడు. ఒక్కదాంట్లో మట్టం తేడాగా కనిపించినా దాన్ని గుమ్మరించి మళ్ళీ తూచు.

పేర్ల దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. హెచ్4350, ఐఎంఆర్ 4350, అక్యురేట్ 4350 మూడూ మూడు వేర్వేరు పౌడర్లు, ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. హెచ్4895, ఐఎంఆర్ 4895 కూడా అంతే. అంకె పెద్దదైతే నిదానంగా కాలుతుందనుకోవడం ఇంకో భ్రమ. ఐఎంఆర్ 4198 కాలే వేగం 4064 కన్నా చాలా ఎక్కువ. పౌడర్లను కాలే వేగం వరసలో పేర్చిన బర్న్ రేట్ చార్టు ఏది ముందు, ఏది వెనక అన్నదే చెబుతుంది, ఎంత తేడానో చెప్పదు. పక్కపక్కనున్నాయి కదా అని ఒకదాని బదులు ఇంకోటి వేసేవాడు రైఫిల్‌కు, కంటికి ఎసరు పెట్టుకున్నట్టే. అందుకే బల్లమీద ఎప్పుడూ ఒక్క డబ్బానే ఉండాలి. పని అయ్యాక మిగిలింది అదే డబ్బాలోకి పోయాలి. కొలపాత్రలో పొద్దున్నే కనబడే పేరులేని పౌడర్‌ను ఎవరూ గుర్తుపట్టలేరు, పారేయాల్సిందే. బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) సంగతి పూర్తిగా వేరు. దాని కొలతతో ఇంతసేపూ చెప్పిన స్మోక్‌లెస్ పౌడర్ పోస్తే తుపాకి పగిలిపోతుంది.

మాన్యువల్‌లో స్టార్టింగ్ లోడ్, మాక్సిమమ్ లోడ్ అని రెండుంటాయి. కింద నుంచి మొదలుపెట్టి 0.3, 0.5 గ్రెయిన్ల చొప్పున పైకి పో. ఒక్కో మెట్టుకు నాలుగైదు తూటాలు చాలు. బోల్ట్ ఎత్తడం బరువైనా, ప్రైమర్ అంచులు చదునుగా పరుచుకున్నా, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టే భాగం) గుర్తు మెరిసినా అక్కడితో ఆపు, మిగిలినవి పేల్చకుండా విప్పేయి. .308కు సామి (అమెరికా తుపాకి, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ) పెట్టిన ప్రెషర్ హద్దు 62,000 పీఎస్ఐ. ఆ గుర్తులు కనపడేసరికి హద్దు దాటేసి ఉండొచ్చు, కాబట్టి వాటికోసం వెతుక్కుంటూ పోవద్దు. స్టార్టింగ్ లోడ్ కన్నా కిందికీ దిగొద్దు. నిదానం పౌడర్ కొంచెంగా వేసినా ప్రమాదమే. తన్ను తక్కువుండే లోడ్ కావాలంటే హెచ్4895 ఒక్కదానికి హాజ్‌డన్ ఇచ్చిన, మాక్సిమమ్ లోడ్‌లో 60 శాతం దాకా దిగే పద్ధతి ఉంది, దాన్ని ఇంకో పౌడర్‌కు అంటగట్టకు. ప్రైమర్, కేసు, బుల్లెట్, పౌడర్ లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) ఏది మారినా మళ్ళీ కిందినుంచి రావాలి.

మొదట 1 పౌండు డబ్బానే కొను. పౌండంటే 7,000 గ్రెయిన్లు. లెక్కకోసం తూటాకు 40 అనుకుంటే 175 తూటాలు. లోడ్ కుదిరాక అదే లాట్ 8 పౌండ్ల జాడీ తెచ్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే హాజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు రవాణా) రుసుము ఆర్డరుకింత అని పడుతుంది, పౌడరూ ప్రైమర్లూ ఒకేసారి తెప్పించుకో. ఇంట్లో 20 పౌండ్లు దాటొద్దు, ఒరిజినల్ డబ్బాల్లోనే, గ్యారేజీలో కాకుండా చల్లగా ఉండే గదిలో. మూత తీస్తే ఘాటు ఆమ్లం వాసనో, తుప్పు రంగు దుమ్మో కనిపిస్తే చెడిపోయినట్టు. పచ్చిక మీద పలచగా చల్లి నీళ్ళు కొట్టు, నత్రజని ఎరువే.

సెలవుల్లో ఊరికి పోయేటప్పుడు రేంజి బ్యాగులో బట్టలు సర్దుకోకు. అడుగు కుట్టులో ఇరుక్కున్న ఒక్క తూటా బెంగుళూరులోనో హైదరాబాదులోనో స్కానర్‌లో కనపడితే ఆయుధ చట్టం కింద కేసు పెడతారు. ఆ బ్యాగుకు ఎర్రదారం కట్టి, సూట్‌కేసులకు దూరంగా వేరే మేకుకు తగిలించు.